'పని పూర్తి చేశాను' అనడానికి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు: ఏది ఎప్పుడు?

సందేహి

అందరికీ నమస్కారం. నాకు ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, వింటే అర్థమవుతుంది. రాయాల్సి వచ్చేసరికి మాత్రం క్రియ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. 'పని పూర్తి చేశాను' అని మెయిల్ పెట్టాలనుకోండి, నాకు మూడు వాక్యాలు తోస్తాయి.

'ఐ కంప్లీటెడ్ ద వర్క్.'
'ఐ హ్యావ్ కంప్లీటెడ్ ద వర్క్.'
'ఐ హ్యాడ్ కంప్లీటెడ్ ద వర్క్.'

కంప్యూటర్ వీటిలో దేని కిందా ఎర్రగీత గీయదు. పన్నెండు టెన్స్‌ల పట్టిక నాకు నోటికొచ్చు. ఏ రూపం ఎలా కట్టాలో అడిగితే చెప్పేస్తాను. ఏది ఎప్పుడు కట్టాలన్నదే తేలడం లేదు. మళ్ళీ పట్టిక కాకుండా, రాసేటప్పుడు మనసులో ఏం ఆలోచించుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

నిదానం

సందేహి గారూ, మీ మూడు వాక్యాలూ సరైనవే. కానీ వాటి అర్థం ఒకటి కాదు, అందుకే కంప్యూటర్ మీకు సాయం చేయలేకపోతోంది. మీరు ఏం చెప్పదలచుకున్నారో దానికి తెలియదు కదా.

మొదటి వాక్యం గడిచిపోయిన ఒక సమయానికి ముడిపడి ఉంటుంది. ఆ సమయం వాక్యంలో ఉండాలి, లేదా ఏ సమయం గురించి మాట్లాడుతున్నామో చదివేవారికి ముందే తెలిసి ఉండాలి. 'ఐ కంప్లీటెడ్ ద వర్క్ ఆన్ ఫ్రైడే.' రెండో వాక్యానికి ఎప్పుడు అన్నదాంతో పని లేదు. పని అయిపోయింది, ఇప్పుడు సిద్ధంగా ఉంది, ఇక మీరు చూసుకోవచ్చు అని దాని అర్థం. మీ మెయిల్‌కి మామూలుగా కావలసింది ఇదే.

మూడోదానికి గతంలోనే జరిగిన ఇంకో సంఘటన తోడు కావాలి. 'ఐ హ్యాడ్ కంప్లీటెడ్ ద వర్క్ బిఫోర్ ద మీటింగ్ స్టార్టెడ్.' మీటింగ్ గతం, పని అంతకన్నా ముందటి గతం. ఆ రెండో సంఘటన లేకుండా 'హ్యాడ్' వాడితే చదివేవారు తర్వాతి మాట కోసం ఎదురుచూస్తారు. పూర్తి చేశాను గానీ ఆ తర్వాత ఏదో జరిగింది అన్న ధ్వని వస్తుంది. 'ఐ హ్యాడ్ సెంట్ యు ఎ మెయిల్ లాస్ట్ వీక్' అని మనవాళ్ళు చాలామంది రాస్తారు. దూరపు గతం కాబట్టి 'హ్యాడ్' అనుకుంటారు. దూరంతో దానికి సంబంధం లేదు. పదేళ్ళ కిందట పంపినా 'ఐ సెంట్' చాలు.

ఈ తేడా బాగా కనిపించే ఉదాహరణ ఒకటి చెప్తాను. 2022 సెప్టెంబర్ 8న బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ మరణించినప్పుడు రాజభవనం ప్రకటనలో ఉన్న వాక్యం, 'ద క్వీన్ డైడ్ పీస్‌ఫుల్లీ ఎట్ బల్మోరల్ దిస్ ఆఫ్టర్‌నూన్.' ఎక్కడ, ఎప్పుడు అని చెప్తున్నారు కాబట్టి 'డైడ్'. అదే వార్తను సమయం చెప్పకుండా మొదటిసారి వినిపించేటప్పుడు ఇంగ్లిష్‌లో 'ద క్వీన్ హ్యాజ్ డైడ్' అంటారు. ఇంగ్లిష్ వార్తల్లో ఈ వరస మీకు తరచూ కనిపిస్తుంది. మొదటి వాక్యంలో 'హ్యాజ్', వివరాల్లోకి దిగగానే 'డైడ్' లాంటి సింపుల్ పాస్ట్. ఓ వారం పాటు వార్తల్లో మొదటి రెండు వాక్యాలు మాత్రమే ఈ దృష్టితో చదవండి.

రెండుభాషలు

నేను అనువాదాలు చేస్తుంటాను. నిదానం గారు చెప్పింది ఇంగ్లిష్ వైపు నుంచి. ఇదే విషయాన్ని తెలుగు వైపు నుంచి కూడా చూడాలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మన తడబాటు మొదలయ్యేది అక్కడే.

'చేశాను' అన్న ఒక్క రూపంతో తెలుగు రెండు పనులూ చేయించుకుంటుంది. 'నిన్న చేశాను', 'ఇప్పటికే చేశాను' రెంటికీ క్రియ ఒకటే. కాలాన్ని 'నిన్న', 'ఇప్పటికే' అన్న మాటలు మోస్తాయి, క్రియకు ఆ బరువు లేదు. ఇంగ్లిష్‌లో ఆ బరువు క్రియ మీద కూడా పడుతుంది.

ఇంతకంటే లోతైన తేడా ఇంకొకటి ఉంది. తెలుగులో భూతకాలంలో చెప్పే ఎన్నో మాటలు నిజానికి ఇప్పటి స్థితిని చెప్తాయి. 'బాబు పడుకున్నాడు' అంటే ఇప్పుడు నిద్రలో ఉన్నాడని. దాన్ని 'హి స్లెప్ట్' అంటే నిద్రపోయాడు, లేచాడు కూడా అనే అర్థం వస్తుంది. కావలసింది 'హి ఈజ్ అస్లీప్.' 'ఆయన అక్కడ కూర్చున్నాడు' అంటే మనకు కళ్ళ ముందు కూర్చుని ఉన్న మనిషి. ఇంగ్లిష్‌లో 'హి ఈజ్ సిటింగ్ దేర్.' జ్వరం వచ్చింది: 'ఐ హ్యావ్ ఎ ఫీవర్.' అలసిపోయాను: 'ఐ యామ్ టైర్డ్.' ఆమెకు పెళ్ళయింది: 'షి ఈజ్ మ్యారీడ్.' అర్థమైంది: 'ఐ అండర్‌స్టాండ్' లేదా 'ఐ సీ.' వీటన్నిటిలో తెలుగు వాక్యం భూతకాలం, ఇంగ్లిష్ వాక్యం వర్తమానం.

అందుకే నేను తెలుగు క్రియ చివరి అక్షరాలు చూసి ఇంగ్లిష్ టెన్స్ ఎంచుకోను. ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ సంగతి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ముగిసిపోయి వెనక ఉండిపోయిందా, దాని ఫలితం ఇంకా ఉందా, ఇంకా సాగుతోందా? జవాబు దొరికితే టెన్స్ దానంతటదే దొరుకుతుంది.

మన భాషే సాయం చేసే చోట్లు కూడా ఉన్నాయి. 'హి హ్యాజ్ గాన్ టు డెల్లీ', 'హి హ్యాజ్ బీన్ టు డెల్లీ' ఈ రెంటి మధ్య తేడా చాలామందికి అంతుపట్టదు. తెలుగులో ఆ తేడా చక్కగా ఉంది. మొదటిది 'వెళ్ళాడు', ఇక్కడ లేడు. రెండోది 'వెళ్ళొచ్చాడు'. ఇలా జతచేసుకుంటే నియమం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

సందేహి

'పడుకున్నాడు' ఉదాహరణ నేను ఎప్పుడూ ఆలోచించలేదు. చాలా థాంక్సండీ. మరి ఇంకా సాగుతున్న పని సంగతేమిటి? 'మూడేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అంటే తెలుగులో స్పష్టంగా వర్తమానమే కదా. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' అని రాస్తే తప్పంటున్నారు. ఎందుకు?

నిదానం

అందులో రెండు సమస్యలున్నాయి, విడివిడిగా చూద్దాం.

ఒకటి, 'నుంచి' అన్న మాట. మనం '2020 నుంచి' అంటాం, 'మూడేళ్ళ నుంచి' అని కూడా అంటాం. ఇంగ్లిష్‌లో మొదలైన చోటు చెప్తే 'సిన్స్', గడిచిన నిడివి చెప్తే 'ఫర్'. 'సిన్స్ 2020', 'సిన్స్ మండే', 'సిన్స్ ఐ జాయిన్డ్'. 'ఫర్ త్రీ ఇయర్స్', 'ఫర్ ఎ లాంగ్ టైమ్'. ఇది కాస్త అలవాటుతో వచ్చేస్తుంది.

రెండోది, 'యామ్ వర్కింగ్'. ఇంగ్లిష్‌లో ఈ రూపం ఇప్పటి క్షణాన్నో, ఈ రోజుల్నో మాత్రమే చూపిస్తుంది, వెనక్కి మూడేళ్ళు సాగదు. గతంలో మొదలై ఇప్పటిదాకా వచ్చిన నిడివి చెప్పాలంటే 'హ్యావ్ బీన్' కావాలి. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.'

ఇక్కడే ఒక జాగ్రత్త. 'ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నది కూడా వ్యాకరణం ప్రకారం సరైన వాక్యమే. కానీ ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదని దాని అర్థం. ఉద్యోగ దరఖాస్తులో ఈ తేడా చాలా ముఖ్యం. మానేసిన చోటికి 'వర్క్‌డ్', ఇంకా ఉన్న చోటికి 'హ్యావ్ వర్క్‌డ్' లేదా 'హ్యావ్ బీన్ వర్కింగ్'. ఇవి తారుమారైతే చదివేవారు మీరు ఖాళీగా ఉన్నారనుకోవచ్చు.

చనిపోయిన వారి జీవితం గురించి రాసేటప్పుడు కూడా ఇదే తర్కం. ఐన్‌స్టీన్ 1933 నుంచి 1955లో కన్నుమూసేదాకా ప్రిన్స్‌టన్‌లో ఉన్నాడు. 'ఐన్‌స్టీన్ హ్యాజ్ లివ్డ్ ఇన్ ప్రిన్స్‌టన్' అనకూడదు, 'లివ్డ్' అనాలి. ఆ జీవితం ముగిసింది కాబట్టి దాన్ని ఇప్పటితో కలిపే 'హ్యాజ్'కి చోటు లేదు.

రాత్రిషిఫ్ట్

నేను పగలూ రాత్రీ అమెరికన్లతో ఫోన్లో మాట్లాడే పనిలో ఉన్నాను. ఒక చిన్న మాట కలుపుతాను. పైన చెప్పినవన్నీ నిజమే గానీ 'జస్ట్', 'ఆల్రెడీ', 'యెట్' ఉన్న చోట అమెరికన్లు సింపుల్ పాస్ట్ ధారాళంగా వాడతారు. బ్రిటిష్ వాళ్ళు 'హ్యావ్ యు సెంట్ ఇట్ యెట్?' అనే చోట అమెరికన్లు చాలాసార్లు 'డిడ్ యు సెండ్ ఇట్ యెట్?' అంటారు. 'ఐ ఆల్రెడీ సెంట్ ఇట్' అంటారు. విని కంగారుపడకండి, వాళ్ళది తప్పూ కాదు, మీరు చదివింది తప్పూ కాదు. మీరు రాసేటప్పుడు 'హ్యావ్' వాడితే రెండు వైపులా చెల్లుతుంది.

కానీ 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అన్నది రెండు వైపులా చెల్లదు. యెస్టర్‌డే, లాస్ట్ మంత్, టూ డేస్ ఎగో, ఇన్ 2015 లాంటి ముగిసిన సమయం వాక్యంలో ఉంటే 'హ్యావ్' తీసేయండి. నాకు తెలిసి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడే ఒక్క నియమం ఇదే.

పలకబలపం

నేను పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. అందరూ గతం గురించే మాట్లాడుతున్నారు. నా దగ్గరికి వచ్చే నోటుపుస్తకాల్లో అంతకంటే ఎక్కువ కనిపించేది 'విల్'.

'నేను రోజూ ఆరింటికి లేస్తాను.' పిల్లలు రాసేది 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్.' కారణం తెలుగులోనే ఉంది. 'రోజూ లేస్తాను', 'రేపు లేస్తాను' రెంటికీ మనకు ఒకే రూపం. మన పాత వ్యాకరణాల్లో భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు 'తద్ధర్మం' అని ఒకటి విడిగా ఉండేది. అలవాట్లూ స్వభావాలూ దానితో చెప్పేవారు. సూర్యుడు తూర్పున ఉదయించును, నీరు పల్లమునకు పారును, అలాంటివి. ఇప్పటి వాడుకలో ఆ పనిని కూడా 'లేస్తాను', 'పారుతుంది' లాంటి రూపాలే చేస్తున్నాయి. పిల్లవాడు 'లేస్తాను'ని చూసి 'విల్' పెట్టేస్తాడు. ఇంగ్లిష్‌లో ఆ తద్ధర్మానికి సింపుల్ ప్రెజెంట్ ఉంది: 'ఐ గెట్ అప్ ఎట్ సిక్స్.' పిల్లలకు ఇలా చెప్తే వెంటనే అందుతుంది. 'తెలుగు వాక్యంలో రోజూ అని పెట్టి చూడు, అర్థం నిలబడితే విల్ వద్దు.'

వ్యతిరేక వాక్యంలో ఇది ఇంకా ఇబ్బంది తెచ్చిపెడుతుంది. 'నేను సినిమాలు చూడను' అన్నది అలవాటు చెప్పే మామూలు మాట. దాన్ని 'ఐ వోంట్ వాచ్ మూవీస్' అంటే 'ఎవరు చెప్పినా సరే, చూడనంటే చూడను' అని మొండికేసినట్టు వినిపిస్తుంది. చెప్పాల్సింది 'ఐ డోంట్ వాచ్ మూవీస్.' ఎదుటివారికి మన స్వభావం మీద తప్పు అభిప్రాయం కలిగించే పొరపాటు కాబట్టి దీన్ని నేను గట్టిగా దిద్దుతాను.

గతంలోనూ అంతే. 'రాలేదు' అన్న ఒక్క మాటకు ఇంగ్లిష్‌లో రెండు దారులు. 'నిన్న రాలేదు' అంటే 'హి డిడ్న్ట్ కమ్.' 'ఇంకా రాలేదు' అంటే 'హి హ్యాజ్న్ట్ కమ్ యెట్.' ఆ 'ఇంకా' పైకి వినిపించినా, మనసులో ఉన్నా 'హ్యాజ్న్ట్' వాడొచ్చు.

ఇంకో మాట. ఇంగ్లిష్ క్రియ తన రూపం మార్చుకునేది వర్తమానానికీ భూతానికీ మాత్రమే: వర్క్, వర్క్‌డ్. భవిష్యత్తుకు విడిగా ప్రత్యయం లేదు. 'విల్' అన్నది కెన్, మే, మస్ట్ లాంటి సహాయక క్రియల కుటుంబంలోది. అందుకే అది ఒక్క రేపటినే కాకుండా నిశ్చయాన్నీ, మాట ఇవ్వడాన్నీ, ఊహనూ కూడా చెప్తుంది. దాన్ని భవిష్యత్ ప్రత్యయంగా చూడటం మానేస్తే సగం గందరగోళం పోతుంది.

కొత్తచిగురు

పలకబలపం గారూ, మరి రేపటి సంగతులకు 'విల్' వాడాలా, 'గోయింగ్ టు' వాడాలా? 'ఐ విల్ కాల్ యు వెన్ ఐ విల్ రీచ్' అంటే మా టీమ్ లీడ్ దిద్దారు గానీ కారణం చెప్పలేదు.

పలకబలపం

కొత్తచిగురు గారూ, మొదటి ప్రశ్నకు చూడాల్సింది ఎప్పుడు నిర్ణయించుకున్నారన్నది. ఫోన్ మోగింది, 'నేను తీస్తాను' అన్నారు. ఆ క్షణంలో పుట్టిన నిర్ణయం, 'ఐల్ గెట్ ఇట్.' ముందే అనుకున్నదైతే 'ఐ యామ్ గోయింగ్ టు అప్లై ఫర్ దట్ జాబ్.' అవతలి వారితో మాట్లాడుకుని సమయం కూడా ఖాయం చేసుకుంటే 'ఐ యామ్ మీటింగ్ హర్ ఎట్ ఫోర్ టుమారో.' ఈ మూడోది మనవాళ్ళు తక్కువ వాడతారు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు చాలా ఎక్కువ వాడతారు. తెలుగులో 'రేపు వస్తున్నాను' అనడం లేదూ? అదే ఇది. మనకు సొంతంగా ఉన్న అలవాటే, ధైర్యంగా వాడుకోవచ్చు.

రెండో ప్రశ్న. వెన్, ఇఫ్, అన్‌టిల్, బిఫోర్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ ఇవి సమయాన్నో షరతునో చెప్తున్నప్పుడు, వాటి వెనక వచ్చే ముక్కలో భవిష్యత్తు చెప్పాలన్నా సింపుల్ ప్రెజెంటే వాడతారు. తెలుగులో 'చేరగానే', 'వర్షం వస్తే', 'మీరు వచ్చేదాకా' అంటాం. వీటిలో కాలం ఉందా? లేదు. కాలమంతా చివరి క్రియలో, 'ఫోన్ చేస్తాను'లో ఉంది. ఇంగ్లిష్ కూడా ఒక్కచోటే 'విల్' పెట్టి ఊరుకుంటుంది. 'ఐ విల్ కాల్ యు వెన్ ఐ గెట్ దేర్.'

'రీచ్' బదులు 'గెట్ దేర్' అన్నాను, గమనించారా? 'రీచ్' తర్వాత చేరిన చోటు పేరు రావాలి, 'రీచ్ ద స్టేషన్' అన్నట్టు. ఊరికే 'చేరాక' అనాలంటే 'గెట్ దేర్' సహజం.

మాటలమూట

సహజం అన్న మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. టెన్స్ సరిగ్గా ఉన్నా వాక్యం మన వాక్యంలాగే ఉంటుందే, దాన్ని నిజంగా మార్చుకోవాలా? 'ఐ విల్ సెండ్ ఇట్ టుడే ఇట్‌సెల్ఫ్', 'డూ వన్ థింగ్', 'ఐ హ్యావ్ ఎ డౌట్' ఇలాంటివి దేశమంతా వాడుతున్నారు. అందరికీ అర్థమవుతున్నాయి. 'డూ ద నీడ్‌ఫుల్' అయితే ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళు వాడిందే, వాళ్ళు వదిలేశారు, మన కార్యాలయాల్లో నిలిచిపోయింది. ఇంగ్లిష్ ఎక్కడికి వెళ్తే అక్కడి రూపు తెచ్చుకుంది. అమెరికాది వేరు, ఆస్ట్రేలియాది వేరు. మనది మాత్రమే ఎందుకు తప్పు కావాలి? మనం మాట్లాడే ఇంగ్లిష్‌ని చూసి మనమే సిగ్గుపడటం నాకు నచ్చదు.

రెండుభాషలు

మాటలమూట గారూ, సిగ్గు విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే. అవి తప్పులని నేనూ అనను. కానీ ఎవరికి రాస్తున్నామన్నది చూడాలి. మన మధ్య 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే 'ఒకటి అడగాలి' అని అర్థం. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్న మనిషికి అదే రాస్తే 'మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు' అన్నట్టు చేరవచ్చు. అక్కడ 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అంటే పోతుంది. అర్థం మారిపోయే చోట మార్చుకోవాలి, రంగు మాత్రమే మారే చోట మీ ఇష్టం.

'టుడే ఇట్‌సెల్ఫ్' సంగతి నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. దాని వెనక ఉన్నది మన 'ఏ'. ఇవాళే, ఆయనే, ఇక్కడే, నిన్ననే. ఒక్క అక్షరంతో ఏ మాట మీద కావాలంటే ఆ మాట మీద ఒత్తు పెడతాం. ఇంగ్లిష్‌లో దానికి సరిపోయే ఒకే మాట లేదు. 'ఇట్‌సెల్ఫ్'నో 'ఓన్లీ'నో అన్నిచోట్లా అతికిస్తే అతకదు. ఒక్కోచోట ఒక్కో మార్గం ఉంటుంది. 'ఇక్కడే ఉన్నాను' అంటే 'ఐ యామ్ రైట్ హియర్.' 'ఆయనే చెప్పాడు' అంటే 'హి టోల్డ్ మీ హిమ్‌సెల్ఫ్', లేదా వేరెవరో కాదు ఆయనే అని నొక్కాలంటే 'హి ఈజ్ ద వన్ హూ టోల్డ్ మీ.' 'ఇవాళే పంపుతాను' మాట్లాడేటప్పుడైతే 'టుడే' మీద గొంతు ఒత్తితే చాలు, రాసేటప్పుడు 'బై ద ఎండ్ ఆఫ్ ద డే'.

'డూ వన్ థింగ్' కూడా అంతే. 'ఒక పని చేయండి' అన్నది మన మర్యాద. సలహాను నేరుగా మొహాన కొట్టకుండా ముందు ఒక మెత్తటి మాట వేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ మెత్తదనాన్ని 'వై డోంట్ యు ట్రై రీస్టార్టింగ్ ఇట్?' అన్న ప్రశ్నలో పెడతారు. మర్యాద వదులుకోమని కాదు, అక్కడ మర్యాద ఏ రూపంలో ఉందో ఆ రూపంలో ఇవ్వమంటున్నాను.

'కదా' గురించి కూడా ఒక మాట. మనకు అన్ని వాక్యాలకూ ఒకే 'కదా'. ఇంగ్లిష్‌లో 'డిడ్న్ట్ యు', 'ఈజ్న్ట్ షి', 'హ్యావ్న్ట్ దే' అని క్రియను బట్టి మారుతుంది. అవన్నీ వచ్చేదాకా మాటల్లో 'రైట్?' వాడండి, అన్నిచోట్లా సరిపోతుంది. 'యు సెంట్ ఇట్, ఈజ్న్ట్ ఇట్?' కంటే 'యు సెంట్ ఇట్, రైట్?' నయం.

మాటలమూట

అర్థం మారే చోట, రంగు మారే చోట అని విడదీయడం బాగుంది. అది ఒప్పుకుంటాను. 'డూ ద నీడ్‌ఫుల్' మాత్రం నేను వదలను.

రాత్రిషిఫ్ట్

టెన్స్ వల్ల రంగు కాదు, అర్థమే మారిన వాక్యం ఒకటి అందరికీ తెలిసిందే ఉంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమనౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు వ్యోమగాములు భూమికి పంపిన మాట 'హ్యూస్టన్, వియ్ హ్యావ్ ఎ ప్రాబ్లమ్' అని జనం అనుకుంటారు. అసలు అన్నది 'వియ్‌వ్ హ్యాడ్ ఎ ప్రాబ్లమ్', అంటే 'వియ్ హ్యావ్ హ్యాడ్'. ముందు జాక్ స్విగర్ట్ అన్నాడు, మళ్ళీ చెప్పమని కింది నుంచి అడిగితే జిమ్ లోవెల్ కూడా 'వియ్‌వ్ హ్యాడ్' అనే చెప్పాడు. 1995లో వచ్చిన సినిమాలో దాన్ని 'వియ్ హ్యావ్' అని మార్చారు.

తేడా చూడండి. 'వియ్‌వ్ హ్యాడ్' అంటే ఇప్పుడే ఏదో జరిగింది, దాని పర్యవసానం ఏమిటో చూస్తున్నాం అని. ఆ క్షణంలో వాళ్ళకు తెలిసింది ఒక చప్పుడు, కొన్ని హెచ్చరిక దీపాలు. వాళ్ళకు తెలిసినంతే చెప్పారు. సినిమా చూసేవాళ్ళకు ప్రమాదం ఇప్పుడు, ఇక్కడ ఉన్నట్టు అనిపించాలి. అందుకు 'వియ్ హ్యావ్' పదునుగా ఉంటుంది. 'హ్యావ్' తోడుగా వచ్చే ఈ ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ఏమిటో కొత్తవాళ్ళు అడిగితే నేను ఈ వాక్యమే చెప్తాను.

సందేహి

ఇది ఎప్పటికీ మర్చిపోను. అందరికీ కృతజ్ఞతలు. ఒక చివరి సాయం కావాలి. ఇక్కడ అడగకముందు రాసి, పంపకుండా పక్కన పెట్టిన చిత్తుప్రతి ఇది. దిద్ది, ఎందుకో కూడా చెప్పండి.

'ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ ఆన్ మండే. యు హ్యాడ్ టోల్డ్ దట్ యు విల్ చెక్ ఇట్. ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్ వై ఈజ్ ఇట్ స్టిల్ పెండింగ్. ఐ విల్ వెయిట్ అన్‌టిల్ యు విల్ రిప్లై.'

నిదానం

మొదటి వాక్యం మీరే దిద్దుకోగలరు ఇప్పుడు. 'ఆన్ మండే' ఉంది కాబట్టి 'ఐ సెంట్'. చివరి వాక్యమూ అంతే, 'అన్‌టిల్ యు రిప్లై'.

రెండోదానిలో మూడు సంగతులున్నాయి. 'హ్యాడ్' అక్కర్లేదు. 'టోల్డ్' తర్వాత ఎవరికి చెప్పారో రావాలి, 'టోల్డ్ మీ'. లేకపోతే 'సెడ్' వాడాలి. ఇక 'విల్'. తెలుగులో ఎదుటివారి మాటను 'చూస్తాను అని చెప్పారు' అంటూ ఉన్నదున్నట్టు 'అని'తో కట్టేస్తాం. ఇంగ్లిష్‌లో చెప్పిన క్రియ గతంలో ఉంటే లోపలి క్రియ కూడా సాధారణంగా ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది: 'యు సెడ్ యు వుడ్ చెక్ ఇట్.' ఆ విషయం ఇప్పటికీ నిజమైతే వెనక్కి జరపకపోయినా చెల్లుతుంది. 'షి సెడ్ షి లివ్స్ హియర్' అనొచ్చు.

మూడో వాక్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నో, అండర్‌స్టాండ్, వాంట్, బిలాంగ్ లాంటి క్రియలు స్థితిని చెప్తాయి, అందుకని వాటికి మామూలుగా 'ఇంగ్' రాదు. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అనకూడదన్నా ఇదే కారణం. అయితే 'హ్యావ్' అంటే ఉండటం కాకుండా ఏదైనా చేయడం అయినప్పుడు వస్తుంది, 'వియ్ ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్' అన్నట్టు. 'థింక్' కూడా అంతే. అభిప్రాయమైతే 'ఐ థింక్', ఇంకా ఆలోచనలో ఉంటే 'ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్'. తర్వాత 'వై ఈజ్ ఇట్' అన్న వరస. వేరే వాక్యం లోపల ప్రశ్న కూర్చున్నప్పుడు మామూలు వరసకు వచ్చేయాలి, 'వై ఇట్ ఈజ్'.

ఇవన్నీ దిద్దినా 'ఐ డోంట్ అండర్‌స్టాండ్ వై ఇట్ ఈజ్ స్టిల్ పెండింగ్' అన్నది నిలదీసినట్టే ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదనుకుంటాను. నేనైతే ఇలా రాస్తాను:

'ఐ సెంట్ ద ఫైల్ ఆన్ మండే, అండ్ యు సెడ్ యు వుడ్ చెక్ ఇట్. హ్యావ్ యు హ్యాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ ఇట్ యెట్? ప్లీజ్ లెట్ మీ నో ఇఫ్ యు నీడ్ ఎనీథింగ్ ఎల్స్ ఫ్రమ్ మీ.'

సందేహి

'హ్యావ్ యు హ్యాడ్' అని రెండూ పక్కపక్కన వస్తే తప్పేమో అనిపిస్తోంది. సరైనదేనా?

నిదానం

సరైనదే. మొదటి 'హ్యావ్' సహాయక క్రియ, 'హ్యాడ్' అసలు క్రియకు మూడో రూపం. 'హ్యావ్ యు గాట్ ఎ ఛాన్స్' అని రాయకండి, దాని అర్థం వేరు. 'డిడ్ యు గెట్ ఎ ఛాన్స్' అయితే సరిపోతుంది. రాత్రిషిఫ్ట్ గారు చెప్పినట్టు అమెరికా వైపు అదే ఎక్కువ వినిపిస్తుంది. మీ మెయిల్ ఎటు వెళ్తోందో చూసుకుని రెంటిలో ఒకటి పంపేయండి.